తీగల మీద చెయ్యి

బాబాయ్ తీగల మీద వేలు పెట్టగానే ఆంప్లిఫయర్‌లోంచి ఝుమ్మని వస్తున్న హోరు ఠక్కున ఆగింది. తీయగానే మళ్లీ మొదలైంది. మూడుసార్లు అలాగే చేసి చూసి, గిటార్‌ని గిటారిస్టు ఒళ్లో పెట్టేసి, తన స్క్రూడ్రైవర్లు సంచిలో సర్దుకోసాగాడు.

గిటారిస్టు ఆ సంచి పట్టుకుని ఆపాడు. బాగుచెయ్యకుండా వెళ్లిపోతే ఎలాగని అడిగాడు. వాయిద్యాలు రిపేరు చేసేవాళ్లలోకెల్లా పెద్దవాడు కాబట్టి వాయించే వాళ్లందరికీ ఆయన బాబాయే. ఆయన తేల్చలేని జబ్బు ఇంకెవరూ తేల్చలేరు.

“నీ గిటార్‌కి రోగం లేదు నాన్నా. నీ ఇంటికుంది,” అన్నాడు బాబాయ్. “పాత వైరింగు, ఎర్త్ లేదు. మనిషి ఒళ్లు తగిలితే అదే ఎర్త్. ఎవరు ముట్టుకున్నా ఆగుతుంది.”

వైరింగ్ మార్చాలంటే వారం పడుతుందట. సంగీత దర్శకురాలు ఇచ్చిన గడువేమో ఒంటిగంట. అప్పటికే పన్నెండు కావస్తోంది. ఏడేళ్లుగా హోటళ్లలో, తినేవాళ్ల వీపులు చూస్తూ వాయించినవాడికి మొదటిసారి సినిమాకి పిలుపొచ్చింది. ఆవిడ అడిగింది ఒక్క నిమిషం ముక్క. గాజు గ్లాసుని చెంచాతో కొట్టినట్టు స్వరం శుభ్రంగా ఖంగుమనాలి. ఆఖరి స్వరం మీంచి రెండు చేతులూ తీసేసి, అది తనంతట తాను ఆగేదాకా వదిలెయ్యాలి. వెనక ఈగ కూడా వినపడకూడదు. కంప్యూటర్లో హోరు తీసేస్తే స్వరంలో మెరుపు కూడా పోతుందని, అలాంటి పని చేస్తే ఇంకొకరిని పెట్టుకుంటానని మొహమాటం లేకుండా చెప్పింది. చేతులు తీస్తే హోరు, తీయకపోతే సినిమా లేదు.

బాబాయ్‌కి జాలేసింది. కేబుల్ గుచ్చే చోట ఉన్న మెరిసే రేకు చూపించి, వాయించినంతసేపూ ఇంకెవరినైనా దాని మీద చెయ్యి ఆనించి కూర్చోమనమని సలహా ఇచ్చి వెళ్లిపోయాడు.

ఇంట్లో ఇంకెవరంటే భార్యే. స్టవ్ మీద పాలున్నాయని గొణుక్కుంటూనే వచ్చి, స్టూలు మీద కూర్చుని రేకు మీద నాలుగు వేళ్లు ఆనించింది. హోరు ఆగింది. అతను రికార్డింగ్ నొక్కాడు. మొదటిసారి సగంలో ఆవిడ తుమ్మింది. రెండోసారి నవ్వొచ్చింది. అంత విద్యా చివరికి తన నాలుగు వేళ్ల మీద ఆధారపడిందా అని ఆవిడ నవ్వు. అతను పళ్లు నూరుకుని, మూడోసారి హెడ్‌ఫోన్స్ పెట్టుకుని గట్టిగా కళ్లు మూసుకున్నాడు.

ఈసారి ప్రతి స్వరమూ కడిగిన ముత్యంలా పడింది. ఆఖరి స్వరం మీంచి చేతులు తీశాడు. అది సన్నగా మోగుతుండగా వంటింట్లో గిన్నె ఖణేల్మంది.

“కొంచెంలో పోయింది. కదలకు, ఇంకొక్కసారి,” అన్నాడు హెడ్‌ఫోన్స్ తీస్తూ.

“మీకేం, ఇక్కడ పాలన్నీ పొయ్యిపాలయ్యాయి,” అంది భార్య. గొంతు వంటింట్లోంచి వచ్చింది.

కళ్లు తెరిచాడు. స్టూలు ఖాళీగా ఉంది. తన చేతులు రెండూ గాల్లో ఉన్నాయి. ఆంప్లిఫయర్ మీద ఎర్రలైటు వెలుగుతూనే ఉంది. హోరు లేదు.

“నువ్వెప్పుడు లేచావు?”

“మీరు మొదలెట్టగానే. తన్మయత్వంలో ఉన్నారు కదా, కదిలించడం ఎందుకని చెప్పలేదు.”

వంగి రేకు వైపు చూశాడు. దాని మీద నాలుగు వేళ్ల మేర ఆవిరి పట్టి ఉంది. ఆ వేళ్లు భార్య వేళ్లకన్నా చాలా పొడుగు. చూస్తుండగానే ఆవిరి కాస్త పక్కకి జరిగింది, ఒకే చోట పెట్టి పెట్టి తిమ్మిరెక్కిన చెయ్యి సర్దుకున్నట్టు.

గిటార్ అక్కడే పారేసి పరుగెత్తాలనిపించింది. గోడ గడియారంలో పన్నెండు నలభై అయింది. ఏడేళ్లు ఆకలితో ఉన్నవాడు వడ్డిస్తున్నది ఎవరని అడుగుతాడా? అతనూ అడగలేదు. గొంతు తగ్గించి, ఖాళీ స్టూలుతో మాట్లాడాడు.

“ఎవరివైనా సరే, పని అయ్యేదాకా చెయ్యి తియ్యకు. తర్వాత నీ ఇష్టం.”

వాయించాడు. ప్రతి స్వరమూ ఖంగుమంది. ఆఖరి స్వరం చాలాసేపు మోగి, సన్నబడి, ఎక్కడ ఆగిందో తెలియకుండా ఆగిపోయింది. దాని వెనక ఏ చప్పుడూ లేదు. క్షణం ఆలస్యం చెయ్యకుండా పంపేశాడు.

ఒంటిగంటకి ఐదు నిమిషాలుందనగా సంగీత దర్శకురాలు ఫోన్ చేసింది. ఇంత శుభ్రమైన టోన్ విని ఏళ్లయిందని, సోమవారం నుంచి సినిమా మొత్తానికీ అతనే వాయించాలని చెప్పింది. అతనికి కళ్లలో నీళ్లు తిరిగాయి. ఫోన్ పెట్టేసి, ఈ సంగతి భార్యకి చెబుదామని లేవబోయాడు.

ఆంప్లిఫయర్ ఝుమ్మంది.

రేకు వైపు చూశాడు. ఆవిరి లేదు. రేకు పొడిగా మెరుస్తోంది. పీడ వదిలిందనుకుని, కూర్చున్న చోటే గుండెల నిండా ఊపిరి పీల్చుకున్నాడు.

“పనయ్యాక గానీ గుర్తు రాలేదా నేను?” వంటింట్లో గిన్నె తోముతున్న భార్య నవ్వుతూ అంది. “ముందు నా మెడ మీంచి ఆ చెయ్యి తియ్యండి, ఐసులా ఉంది.”