మూడంతస్తుల పిల్లి స్టాండు

"అక్కడొద్దండీ! వాషింగ్ మెషీన్ తిరిగితే పిల్లికి దడ పుడుతుందట. కిటికీ పక్కన పెట్టమన్నాడు కదా షాపాయన!"

భర్త ఆ మూడంతస్తుల పిల్లి స్టాండుని కావలించుకుని హాల్లో మళ్ళీ ఊరేగాడు. కింద తాడు చుట్టిన స్తంభం, మధ్యలో గుండ్రటి కంత ఉన్న చిన్న గది, పైన పడుకోవడానికి మెత్తటి పరుపు. ఆ హాల్లో దానికున్నంత దర్జా మరే సామానుకీ లేదు.

"ఊగుతోందేమో చూడు," అన్నాడు.

"ఊగకూడదు. ఒక్కసారి ఊగితే ఇక దాని మొహం చూడదట."

భర్త అట్టముక్క మడిచి స్టాండు కింద దోపాడు. తర్వాత నేలమీద చతికిలబడి, పది గోళ్ళతో స్తంభాన్ని బరబరా గీకడం మొదలుపెట్టాడు.

"అదేం పనండీ?"

"ముందు మనం గీకి చూపించాలట. లేకపోతే సోఫా గీకుతుందట."

"అయితే గట్టిగా గీకండి. కొత్త వాసన పోవాలి."

మనిషి వాసనున్న పాతబట్ట వేస్తే పిల్లికి బెరుకు పోతుందని కూడా షాపాయనే చెప్పాడు. భార్య తన తెల్ల ఉన్ని స్వెటర్ తెచ్చి ఆ చిన్న గదిలో కుక్కింది. దాని నూగు సగం దారిలోనే రాలి సోఫా నిండా అంటుకుంది.

"దులపనా?" అన్నాడు భర్త.

"ఇప్పుడెక్కడ దులుపుతారు, వాళ్ళొచ్చే టైమైతే!"

వాళ్ళంటే భర్తగారి అక్కా, బావగారూ. కిందటిసారి ఇంటికి రంగులేయిస్తున్నామని, నాలుగు రోజులుండి పోతామని వచ్చారు. రంగు ఆరడానికి ఒక వానాకాలం పడుతుందని ఈ దంపతులకి అప్పుడే తెలిసింది. ఆ వానాకాలమంతా బెడ్‌రూమ్‌లో బావగారు, హాల్లో చాప మీద వీళ్ళు. టీవీ రిమోట్ బావగారి చొక్కా జేబులో. ఈసారి బాత్‌రూమ్ టైల్స్ మారుస్తున్నారు.

బెల్లు మోగింది.

బావగారు రెండు సూట్‌కేసులతో, చంకలో సొంత దిండుతో గుమ్మంలో నిలబడ్డారు. ఆయన చూపు కిటికీ వైపు వెళ్ళింది. కాలు లోపల పెట్టకముందే ముక్కుపుటాలు అదిరాయి.

"హాఛ్!"

"ఒరేయ్, ఇంట్లో పిల్లి ఉందా?" అక్క గుండె మీద చెయ్యేసుకుంది. "మీ బావకి పిల్లి పడదని తెలీదూ?"

"అయ్యో! మర్చేపోయానక్కా," అన్నాడు తమ్ముడు, నిజంగా బాధపడుతున్న మొహంతో.

"ఎక్కడుందది?"

భార్య గొంతు తగ్గించింది. "మా గదిలో మంచం కింద, వదినా. కొత్తవాళ్ళంటే భయం. వెతక్కూడదు, కళ్ళలోకి చూడకూడదు. దానంతటదే రావాలి. అందుకే ఆ తలుపు తియ్యం."

"మరి మేమెక్కడ పడుకోవాలమ్మా?"

"హాల్లో గాలి బాగా వస్తుందన్నయ్యగారూ. కిందటిసారి మేం చూశాంగా."

బావగారు సోఫాలో కూలబడి, చొక్కాకి అంటిన నూగుని రెండు వేళ్ళతో పట్టుకుని చూశారు. "తెల్లదా?"

"ఎలా కనిపెట్టారన్నయ్యగారూ!"

ఆయన వరసగా తుమ్మారు.

మర్నాడు పొద్దున్నే ఆయన ముక్కు టమాటాలా ఉంది. "నిద్రపోనిస్తేగా! రాత్రంతా అరుస్తూనే ఉంది. మీకు వినపడలేదా?"

దంపతులు మొహామొహాలు చూసుకున్నారు.

"మాకు వినపడదు బావగారూ," అన్నాడు భర్త.

"అలవాటైపోయుంటుంది!" అంది అక్క. "తలుపు సందులోంచి నేను తోక కూడా చూశాను. బారెడుంది. అదేం పిల్లిరా, తలుపు దగ్గర పెట్టిన గిన్నెడు పిల్లి తిండీ పొద్దుటికి ఖాళీ!"

"దాని తిండికేం లోటు చెయ్యం వదినా," అంది భార్య, గిన్నె తీసి కడుగుతూ.

బావగారు కళ్ళు తుడుచుకున్నారు. "చూడమ్మా, ఉన్నమాట చెప్తా. దాన్నెవరికైనా ఇచ్చెయ్యి. ఈ ఇంట్లో అదన్నా ఉండాలి, నేనన్నా ఉండాలి."

కడిగిన గిన్నె చేతిలో పట్టుకుని భార్య అలాగే నిలబడిపోయింది.

"పిల్లిని ఈ ఇంట్లోంచి పంపించడం మాత్రం నావల్ల కాదన్నయ్యగారూ," అందావిడ చివరికి, కొంగుతో ముక్కు ఒత్తుకుంటూ. "మీరు పెద్దవారు. మీరే ఎలాగో సర్దుకోండి."

బావగారు సర్దుకున్నారు. సూట్‌కేసులు రెండూ సర్దుకున్నారు.

"మా తమ్ముడింటికి పోతాం. వాడింట్లో ఉన్నవి చేపలే," అన్నారు దిండు చంకన పెట్టుకుంటూ.

"మనిషికంటే పిల్లి ఎక్కువైపోయిందిరా నీకు!" అంది అక్క.

భర్త తలొంచుకున్నాడు. తలెత్తితే మొహం కనిపిస్తుందని భయం.

టాక్సీ మలుపు తిరిగేదాకా దంపతులు వీధిలో నిలబడి చెయ్యూపారు. లోపలికొచ్చి తలుపేసుకోగానే భర్త సోఫాలో కాళ్ళు బార్లా చాపి, రిమోట్‌ని గుండెల మీద పెట్టుకున్నాడు. భార్య బెడ్‌రూమ్ తలుపు బార్లా తెరిచింది.

ఫోన్ మోగింది. షాపాయన.

"సార్, స్టాండు ఎలా ఉందండీ? ఏమైనా ఇబ్బందా?"

"ఇబ్బందా! అద్భుతంగా పనిచేసిందండీ. ఎవరడిగినా మీ షాపు పేరే చెప్తాను."

ఫోన్ పెట్టేసి ఇద్దరూ కాసేపు కిటికీ వైపు చూస్తూ కూర్చున్నారు. పైఅంతస్తు పరుపు మీద ఎండ మెత్తగా పడుతోంది. బయట తీగ మీద పిట్టలు వాలాయి. షాపాయన చెప్పినట్టే అక్కణ్ణించి అన్నీ బాగా కనిపిస్తాయి.

"ఏమండీ," అంది భార్య, "ఇప్పుడొక పిల్లిని తెచ్చుకుందామా?"