నిప్పు ఊదని డ్రాగన్

ఆ కాగితం మీది అక్షరాలు హరీష్‌వేనని వినాయక్ చూడగానే గుర్తుపట్టాడు.

మాట తెలుగు, లిపి మరాఠీ. చంద్రపూర్ బడుల్లో చదివిన తెలుగువాళ్ల రాత సాధారణంగా అంతే. కానీ ఆ గుండ్రని వంపులు హరీష్ చేతివి తప్ప మరొకరివి కావు.

"తయారుచేసినోళ్ల చీటీ ఆట అయినంకనే తెరవాలె," అంటూ శ్రీవాణి అంటించిన కవరును టీ పళ్లెం కింద పెట్టింది. "నువ్వు పెట్టిన నియమమే గదన్నా."

నియమం వినాయక్‌దే. ఇష్టం వల్ల గాని, కిట్టనితనం వల్ల గాని తీర్పు వంకర పోరాదని తానే పెట్టాడు.

లాల్‌పేట్ గని క్వార్టర్లలోని ఆ ముందుగదిలో రెండేళ్లుగా ప్రతి ఆదివారం ఇదే ఆట. ఒకరు రాక్షసజీవిని నడుపుతారు. మిగిలినవారు వీరులై, పాచికలు వేసి దానితో పోరాడతారు. నాగపూర్ నుంచి తెచ్చిన ఇంగ్లీషు నిబంధనల పుస్తకం జిరాక్సు ప్రతి వినాయక్ దగ్గరే ఉంటుంది. దేశంలో రోజుకొక కొత్త కంపెనీ పుడుతున్న కాలమది. బొంబాయిలో ఒకటి ఇటువంటి ఆటను ఇక్కడే అచ్చు వేయబోతున్నది. ఒక్కొక్క బృందం నుంచి ఒక్క డ్రాగన్‌నే తీసుకుంటుంది. దాని కింద రూపకర్త పేరు వేస్తుంది. రేపటి టపాలో పంపాలి.

వినాయక్ డ్రాగన్‌కు ఏడు తలలు. పోయిన ఆదివారం దానిని హరీష్ నడిపాడు. తన సొంతమన్నంత శ్రద్ధగా నడిపాడు. పాచికల వంతు పదకొండుసార్లు తిరిగేదాకా అది నిలిచింది. ఈ కాగితంలోని రెండవ డ్రాగన్ అంతకు మించి నిలిస్తే, బొంబాయి పోయేది ఇదే.

వినాయక్ కాగితం చదివాడు.

ఈ డ్రాగన్ నిప్పు ఊదదు. మూసివేసిన పాత బొగ్గుబావిలో ఉంటుంది. దాని ఊపిరికి రంగు లేదు, వాసన లేదు. అది కదిలితే ముందు ఎలుకలు బయటికి పరుగెత్తుతాయి. వీరుల దీపం మంట మీద సన్నని నీలి టోపీ కనిపిస్తే, అది పక్కనే ఉన్నట్టు. అప్పటికీ వెనుదిరగకుంటే వాళ్ల దీపమే వాళ్లను కాలుస్తుంది. బలహీనత, గాలి. నడిపేవారు దానిని ఎన్నడూ బయటికి తేరాదు.

చదవడం పూర్తి చేసి మళ్లీ మొదటి నుంచి చదివాడు. దీని ముందు తన ఏడు తలలూ జాతరలో అమ్మే మట్టిబొమ్మలు.

ఇదంతా హరీష్‌కు ఎక్కడ దొరికిందో వినాయక్‌కు తెలుసు. నెల రోజులుగా తాను ఇంట లేని వేళ చూసి హరీష్ వస్తున్నాడు. భూమన్న పక్కన కూర్చుంటున్నాడు. భూమన్న వినాయక్ తండ్రి. ముప్పై ఏళ్లు బొగ్గుబాయిలో పని చేసి ఇంటికి చేరినవాడు. రోజుకు నాలుగు మాటలకు మించి మాట్లాడడు. ఆయన హరీష్‌తో చేతులు తిప్పుతూ గలగలా మాట్లాడడం, తాను గడపలో అడుగు పెట్టగానే ఇద్దరూ గమ్మున ఊరుకోవడం వినాయక్ రెండుసార్లు చూశాడు. కన్నకొడుకుకు చెప్పని బాయి ముచ్చట్లు పరాయివాడికి దక్కాయి.

ఈరోజు మరీ విడ్డూరం. ఏనాడూ ఆట దగ్గరికి రాని భూమన్న ఇస్త్రీ చొక్కా తొడుక్కుని వచ్చి మూలనున్న స్టూలు మీద కూర్చున్నాడు. టీ గ్లాసు పట్టుకున్న ఎడమ బొటనవేలు నిలువునా చీలి అతుక్కున్నది. గనిలో బొగ్గు మోసే టబ్బు బండి గొలుసు ఇచ్చిన బహుమానమది.

"ఏంది బాపూ, ఇయ్యాల గిటొచ్చినవ్?"

"ఊకెనే. జూద్దామని."

ఏడు తలలదానిని చూడడానికి ఆయనకు తీరిక దొరకలేదు.

"నువ్వు ఆడవా రా?" వినాయక్ హరీష్‌ను అడిగాడు.

"నేనాడరాదు. దీని గుట్టంత నాకెర్కే." హరీష్ గొంతు తగ్గించాడు. "జర మంచిగ నడుపురా."

ఆ మాటే వినాయక్ కడుపులో నిప్పు పెట్టింది.

శ్రీవాణి, రాకేష్ వీరులై బాయి వాకిట నిలిచారు. ఇంకా దీపమైనా వెలిగించలేదు.

"డ్రాగన్ బయటికొచ్చింది," అన్నాడు వినాయక్.

హరీష్ తలెత్తాడు. "బయటికా?"

"నడిపేది నేను. నువ్వు సప్పుడు జెయ్యకు."

దానిని ఎండలో, గాలిలో నిలబెట్టాడు. ఎలుకలు పరుగెత్తలేదు. దీపం మీద నీలి టోపీ మెరవలేదు. శ్రీవాణి ఇరవై ముఖాల పాచిక వేసింది. పద్దెనిమిది. రాకేష్ వేశాడు. వంతు మూడవసారి తిరుగుతుండగానే డ్రాగన్ చచ్చింది.

"గిదేం డ్రాగన్ రా," రాకేష్ నవ్వాడు. "మా బర్రె గింతకంటె గట్టిగ తంతది."

శ్రీవాణి కూడా నవ్వింది. హరీష్ నవ్వలేదు.

"అది బయటికెందుకొచ్చింది?" అని అడిగాడు భూమన్న.

"గిది ఆట బాపూ. నీకు తెల్వది."

"అవు," అన్నాడు భూమన్న. "నాకేం తెల్సు."

గ్లాసు కింద పెట్టి లోపలికి వెళ్లిపోయాడు.

వినాయక్ తన ఏడు తలల కాగితాన్ని బొంబాయి కవరులో పెట్టాడు. నెల రోజుల బరువు దిగింది. ఇక మిగిలింది ఓడినవాడి పేరు. దానిని నలుగురి ముందు గట్టిగా చదవాలి. టీ పళ్లెం కింద చెయ్యి పెట్టాడు.

హరీష్ ఆ చెయ్యి పట్టుకున్నాడు. "వద్దురా. అట్లనే ఉండనియ్యి."

"నియమం నియమమే," అంటూ వినాయక్ చెయ్యి విడిపించుకుని కవరు చింపాడు.

గట్టిగా చదవడానికి ఆ చీటీలో ఒక్క అక్షరమైనా లేదు. సంతకం ఉండవలసిన చోట, నిలువునా చీలి అతుక్కున్న ఎడమ బొటనవేలి ముద్ర ఒకటి నీలిసిరాలో పడి ఉంది.