మామగారు మెత్తబడిన రోజు

రాత్రి ఎనిమిదింటికే మిషన్ మళ్లీ ఆగిపోయింది.

అల్లుడు మెట్ల కిందికి పరుగెత్తాడు. బ్యాటరీలు రెండూ సున్నా చూపిస్తున్నాయి. ఎండ దిగే వేళకు నిండుగా ఉన్నాయవి. తెల్లారేదాకా రావాలి.

"ఏమోయ్, నిండుకున్నాయా?" వరండాలోంచి మామగారు.

"నిండుకున్నాయి మామయ్యా."

"సూర్యుడికి కూడా నీమీద నమ్మకం పోయినట్టుంది."

మామగారు ముప్పై రెండేళ్లు లైన్‌మన్‌గా చేసి రిటైరయ్యారు. స్తంభం మీంచి వచ్చేదే కరెంటని ఆయన మతం. అల్లుడు ఫోటో స్టూడియో ఎత్తేసి, కెమెరాలమ్మి, మామగారి డాబా మీద సోలార్ ప్యానెళ్లు బిగించి, బిట్‌కాయిన్లు తవ్వే మిషన్ తెచ్చిన రోజే ఆయన ముక్కున వేలేసుకున్నారు.

"గాలిలో మేడలు విన్నాను గానీ, ఎండలో గనులు ఇప్పుడే చూస్తున్నా."

మిషన్ చూస్తే చెప్పుల పెట్టెంత. హోరు మాత్రం పిండిమరంత. అది ఆగకుండా లెక్కలు చేస్తూ ఉంటే, రోజుకింత అని ఫోన్‌లో బిట్‌కాయిన్ తునక పడుతుంది. ఆగిందా, అంతే సంగతులు.

మొదట్లో బాగానే నడిచింది. రెండు నెలలు తిరిగాక మొదలైంది ఈ ఆగడం.

ఆ హోరుతో అందరికన్నా ఎక్కువ బాధ మామగారిదే. "నా గది కొలిమైపోయింది. తలుపు మూసుకున్నా చెవుల్లో అదే రొద" అని రోజూ సణుగుడు. పోనీ, వెనక గదిలోకి మారమని కూతురు అంటే ఇంతెత్తున లేచేవారు.

"నా ఇంట్లో నేనెందుకు మారాలే?"

కంపెనీ మనిషి వచ్చి చూశాడు. ప్యానెళ్లు భేష్, బ్యాటరీలు భేష్ అన్నాడు. ఇంట్లో వైరింగు కూడా చూస్తానంటే మామగారు అడ్డం నిలబడ్డారు.

"నేను బతికుండగా ఈ ఇంటి వైరు మీద పరాయివాడు చెయ్యి వేస్తాడా?"

టెస్టరు జేబులో పెట్టుకుని, తనే నిచ్చెనెక్కారు. మధ్యాహ్నమంతా చెమటలు కక్కుతూ మూలమూలా వెతికి దిగారు.

"వైరింగు బంగారంలా ఉంది. లీకేజీ ఉంటే నీ జాతకంలో ఉండాలి."

ఇలా మిషన్ తెచ్చి ఎనిమిది నెలలు గడిచాయి. అల్లుడు చిక్కి సగమయ్యాడు. అద్దంలో మొహం చూసుకోవడం కూడా మానేశాడు.

ఓ ఆదివారం, డ్యూటీ నుంచి వచ్చిన భార్య నర్సు యూనిఫాం అయినా మార్చుకోకుండా అతని పక్కన కూర్చుంది.

"ఏవండీ, ఇక చాలు. మా ఆసుపత్రి ఎక్స్‌రే గదిలో మనిషి కావాలట. ఫోటోలు తీసిన చెయ్యి. త్వరగానే పట్టుబడుతుంది."

"అక్కడ ఎవర్నీ నవ్వమని అడగక్కర్లేదు, అంతేగా?" అన్నాడతను. నవ్వబోయాడు గానీ రాలేదు.

మర్నాడు పొద్దున కాఫీ దగ్గర విషయం చెప్పేశాడు.

"అన్నీ అమ్మేస్తున్నా మామయ్యా. ప్యానెళ్లు విప్పడానికి సాయంత్రం మనిషి వస్తాడు. మీరు మొదటిరోజే చెప్పారు. నేనే వినలేదు."

మామగారి గ్లాసు నోటి దాకా వెళ్లి ఆగింది.

"అంత తొందరేమొచ్చిందోయ్?"

మొగుడూ పెళ్లాలు ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు.

"ఉద్యోగంలో చేరు, కాదనను. మిషన్ పాటికి మిషన్ తిరుగుతుంది. ప్యానెళ్లు రోజూ నేను తుడుస్తా. ఇంకో బ్యాటరీ కావాలంటే నా పింఛనులోంచి కొంటా. ముందు ఆ మనిషికి ఫోన్ చేసి రావద్దని చెప్పు."

"నాన్నా..." కూతురి కళ్లు చెమ్మగిల్లాయి.

అల్లుడు జేబులోంచి ఫోన్ తీశాడు. "మిమ్మల్ని నేనే అపార్థం చేసుకున్నాను మామయ్యా."

"ఊరుకోవోయ్, నువ్వు నాకు పరాయివాడివా?"

మామగారు భుజం తట్టి లేచారు, తన గదిలోకి వెళ్లి గడియ పెట్టుకున్నారు, అల్లుడి బ్యాటరీల మీదే ఆరు నెలలుగా మంచం కింద నడుస్తున్న తన సొంత మిషన్ మీది దుమ్మును తువ్వాలుతో మెత్తగా తుడిచారు.