ఐదో అంకం

మధ్యాహ్నం మూడింటిలోగా కావలసిన పనులివి: తెర కట్టాలి. మైకువాణ్ణి లేపాలి. మంత్రి వేషం పాగాకి జరీ కుట్టాలి. సునామీ బాధితుల టిన్ను షెల్టర్ల నుంచి వచ్చేవాళ్ళకి మూడువందల కుర్చీలు వెయ్యాలి. నాటకం చివరికి ఏమవుతుందో తేల్చాలి.

మొదటి నాలుగూ పన్నెండింటికే అయిపోయాయి. ఐదోదే సింధూరి ప్రాణం తోడేస్తోంది.

సునామీ వచ్చి ఆ రోజుకి సరిగ్గా ఏడాది. కార్ నికోబార్‌లో అలకు కొట్టుకుపోయిన సుబ్బరామయ్య మాస్టారి జ్ఞాపకంగా, ఆయన పేరుతో ఉన్న ‘పెదవి విప్పని మంత్రి’ నాటకాన్ని దీవుల రాజధానిలోని డాలీగంజ్‌లో ఆడిస్తోంది సింధూరి. నాలుగంకాలు మాస్టారు ఓడ టపాలో భార్య సత్యవాణికి పంపారు. ఐదోది పంపేలోగా సముద్రం వచ్చేసింది.

కథ జరిగేది రత్నకూట రాజ్యంలో. రాజు పోయాడు. యువరాణి పసిపాప. సేనాపతి ఒక పక్క, రాణి తమ్ముడు ఇంకో పక్క సింహాసనం కోసం కాచుకు కూర్చున్నారు. ఇద్దరూ ఆజ్ఞాపత్రాలు తెచ్చి మంత్రి ధీరవర్మ ముందు పెడతారు. ఆయన దేనిమీదా సంతకం పెట్టడు. “చూద్దాం” అంటాడు. ఆ ఒక్క మాటకి సభంతా వణుకుతుంది. ఆయనది ఏ పక్షమో ఎవరికీ అంతుపట్టదు.

నాలుగో అంకం అక్కడితో సరి.

“మంత్రి చేత సేనాపతిని పొడిపించేద్దాం” అన్నారు తెలుగు సంఘం అధ్యక్షుడు.

“సంవత్సరీకం నాడు రక్తమెందుకండీ? పాపకి పట్టం కట్టి హారతిచ్చేద్దాం” అన్నారు కార్యదర్శి.

“దీదీ, వీళ్ళ దర్బారు ఖతం అయ్యాక నన్ను లేపు” అంటూ బల్లమీద నడుం వాల్చాడు మంత్రి వేషం కట్టిన అనిల్.

కుర్చీల్లోంచి ఒకతను లేచి వచ్చాడు. యాభై ఏళ్ళుంటాయి. రబ్బరు చెప్పులు. చంకలో ఖాకీ అట్ట వేసిన పుస్తకం, ఉప్పునీళ్ళకి ఉబ్బిపోయి ఉంది.

“ఐదో అంకం నాకాడ ఉందమ్మా.”

“ఎవరు నువ్వు?”

“తాతబ్బాయినమ్మా. కార్ నికోబార్ జెట్టీలో మూటలు మోసీవోణ్ణి.”

“ఆ పుస్తకం మాస్టారు ఇచ్చారా?”

“ఆరిచ్చిందే.”

సింధూరి చెయ్యి చాపింది. అతను ఇవ్వలేదు.

“కాయితాలు అంటుకుపోనాయి తల్లీ. నానే తెర ఎనకాల నిలబడి అందిస్తాను.”

ఇచ్చినా ఆమె చదవలేదు. సింధూరి, అనిల్, వేషగాళ్ళందరూ దీవుల్లో పుట్టినవాళ్ళే. నోరారా తెలుగు మాట్లాడతారు, అక్షరాలు మాత్రం రావు. నాలుగంకాలూ సత్యవాణి చదివి వినిపిస్తే హిందీ లిపిలో రాసుకున్నారు. ఆవిడేమో హోప్ టౌన్ నుంచి ఇంకా ఫెర్రీ ఎక్కలేదు.

“భయ్యా, ఒక్క లైను గల్తీ అయిందో, ఈ పాగా నీ నెత్తిన పెట్టి పారిపోతాను” అన్నాడు అనిల్.

“నువ్వు పారిపోతే నాను ఏసీగలను బాబూ” అని నవ్వాడు తాతబ్బాయి.

మూడింటికి తెర లేచింది. నాలుగంకాలూ ఆడాక ఐదో అంకం మొదలైంది. తెర వెనక తాతబ్బాయి పుస్తకం తెరిచి పట్టుకుని, ఎవరి మాట వాళ్ళకి అందిస్తున్నాడు.

సేనాపతి కత్తి దూశాడు. “ఇవాళ సంతకమైనా పెట్టు, తలైనా ఇయ్యి!”

అనిల్ తెరవైపు చెవి ఒగ్గాడు. విన్నదాన్ని నమ్మలేక ఇంకోసారి అందించమని సైగ చేసి, అప్పుడు పలికాడు.

“పెట్టలేను. నాకు రాయడం రాదు.”

మూడువందల మందీ కుర్చీల్లో ముందుకి జరిగారు.

“మీరెన్నడూ చూడని మీ కొత్త మంత్రి ఏరు దాటుతూ జ్వరంతో నా పడవలోనే కన్నుమూశాడు. పాపను కాపాడమని తన ఉంగరం నా వేలికి తొడిగాడు. నేను పడవవాణ్ణని తెలిస్తే ఆ పూటే పాపను చంపేసేవారు. చదవలేని ప్రతి కాగితానికీ ‘చూద్దాం’ అన్నాను. మీరు దాన్ని రాజనీతి అనుకున్నారు.”

ముందు వరసలో కాసులమ్మ అనే ముసలావిడ “అయ్యో నాయనా!” అని బావురుమంది. తెర పడినా చప్పట్లు ఆగలేదు.

అప్పటికి వచ్చి కూర్చున్న సత్యవాణికి, రచయిత భార్యగా శాలువా కప్పారు. అధ్యక్షుడి మనుషులూ కార్యదర్శి మనుషులూ ఫోటోకోసం తోసుకున్నారు.

“దీదీ, తెర వెనకాయన్ని పిలుద్దామా?” అడిగాడు అనిల్.

“మాటలందించేవాణ్ణి స్టేజీ మీదికి ఎవరు పిలుస్తారురా?”

ఆమె వెనక్కి వెళ్ళేసరికి తాతబ్బాయి ఒక్కడే చప్పట్లు కొడుతున్నాడు.

“ఆ పుస్తకం ఇటివ్వు. మాస్టారి ఆఖరి జ్ఞాపకం అది. సత్యవాణి మేడమ్ దగ్గర ఉండాలి.”

“నాకు ఇదొక్కటే మిగిలిందమ్మా.”

“నువ్వేం చేసుకుంటావు దాన్ని?”

అతను రెండు చేతులతో అందించి, “వైజాగ్ ఓడ టైమైపోనాది” అంటూ వెళ్ళిపోయాడు.

సత్యవాణి పిన్నుతో ఒక్కో పేజీ విడదీసింది. మొదటి పేజీకి తిరిగొచ్చి మళ్ళీ చూసింది.

“ఇది నాటకం కాదు సింధూరీ. ఒకటో తరగతి వాచకం.”

“సరిగ్గా చూడండి మేడమ్! మా కళ్ళముందే చదివాడు!”

అక్షరాల కింద పెన్సిల్‌తో వంకరటింకర గీతలు. ‘ఋ’ దగ్గర ఆగిపోయాయి. అట్ట లోపలివైపు మాస్టారి చేతిరాత ఉంది. సత్యవాణి పైకి చదివింది.

“తాతబ్బాయీ, ఇది నీ అంతట నువ్వు చదువుకునే రోజు రావాలి. నాటకమంతా నువ్వు చెప్పావు, నేను రాసిపెట్టాను. నువ్వు బలవంతం చేశావని నా పేరు ఉంచుతున్నాను. రాయడం వచ్చిన రోజున దాన్ని కొట్టేసి నీ పేరు రాసుకో.”

అనిల్ మంత్రి వేషంలోనే హాడో జెట్టీకి పరుగెత్తాడు. అప్పటికే ఓడ రేవు వదిలేసింది.

ఈ నాటకం మీరెక్కడైనా చూస్తే, మాస్టారితో పాటు తాతబ్బాయినీ ఒక్కసారి తలచుకోండి. తన కోసం మాస్టారు రాసిన ఆ నాలుగు మాటలు అతనింకా చదవనేలేదు.