గొళ్ళెం ఉన్న బల్ల

మునగాల కాడ రోడ్డు కోసం కూలగొడుతున్న ఇంట్ల ఒక పాత టేకు బల్ల కొన్న. అమ్మిన ముసలామె ఒక్కటే మాట చెప్పింది. "రాత్రిపూట ఎవరు తియ్యమన్నా గొళ్ళెం తియ్యకు బిడ్డా." బల్లకు గొళ్ళెమేందని నవ్వుకుంట ఇంటికి తెచ్చిన.

ఆ రోజు పొద్దుగూకినంక గరుకు కాగితంతో పాత రంగు రుద్దుతుంటే, నడుమ లప్పం ఊడి బొటనవేలంత బొక్క బయటపడ్డది. అంతల కరెంటు పోయింది. బొక్క అడుగుదాక ఉన్నదేమో సూడమంటే, నా భార్య మంగ ఫోను లైటు పట్టుకొని బల్ల కిందికి దూరింది. బొక్కలకెళ్ళి వెలుగు లేచి పైకప్పు మీద చుక్కలాగ నిలిచింది.

"ఇగో, ఇది తలుపే! ఎవరో కాళ్ళు కొట్టి బల్ల చేసిన్రు. గీడ గొళ్ళెం గుడ ఉన్నది."

నేను కిటికీ కాడ లప్పం డబ్బా వెతుకుతున్న. పైకప్పు మీది చుక్క మాయమైంది.

"లైటు ఆపినవా?" అన్న.

"ఆపలే. బొక్క మీదికెళ్ళి జర కన్ను తియ్యి. పెండ్లిసూపులల్ల గుడ గిట్ల సూడకపోతివి," అని నవ్వింది.

రోడ్డు మీద పోతున్న లారీ వెలుగు కిటికీలకెళ్ళి బల్ల మీద పడ్డది. బల్ల మీదికి ఎవరూ వంగి లేరు.

"సరే సరే, తీస్తున్న. తుప్పు పట్టింది, ఆగు," అన్నది మంగ.

"మంగా, తియ్యకు!"

ఆమె నవ్వు ఆగింది.

"ఇప్పుడే నా నెత్తి మీదికెళ్ళి గొళ్ళెం తియ్యమంటివి గద. కిటికీ కాడికి ఎప్పుడు పోయినవ్?"

అప్పటికే గొళ్ళెం జారిన చప్పుడైంది. బల్ల తలుపులాగ కిర్రుమన్నది.