వెంటిలేటర్‌లో పాత చీర

పిలవని పేరంటానికి వచ్చినట్టు బక్కయ్య పొద్దున్నే మళ్లీ వచ్చాడు. ఒక చేతిలో పానాల సంచి, రెండో చేతిలో బకెట్.

“ఎవరు పిలిసిన్రు నిన్ను?” జములమ్మ గుమ్మంలోనే అడ్డం నిలబడింది.

“ఆరు నెలలైంది. గీజర్ సాఫ్ చెయ్యాలె.”

“వనపర్తిల మిస్త్రీలు లేరా? అచ్చంపేటకెల్లి నువ్వే రావాల్నా?”

“ఉన్నరు. మీరు పిలువరు.”

ఆమెను దాటుకుని లోపలికి వచ్చేశాడు.

మంచం మీద పసిదానికి పాలిస్తున్న శ్రుతి గబుక్కున కొంగు సర్దుకుంది. ఒళ్లు మండిపోయింది. ఇంట్లో బాలింత ఉందన్న ఇంగితం కూడా లేదు ఈ ముసలాడికి. రావడం ఇది మూడోసారి. వచ్చినప్పుడల్లా ముఖం గంటు పెట్టుకునే ఉంటాడు. మంచినీళ్లు ఇచ్చినా ముట్టడు. ఎవరని అడిగితే అత్త “గీజర్ రిపేరోడు” అని ముక్తసరిగా చెప్పి మాట మార్చేసింది. పెళ్లయి వచ్చిన ఏడాదిన్నరలో ఆ ఇంట్లో రెండోసారి అడగకూడని సంగతులు కొన్ని ఉన్నాయని శ్రుతికి అర్థమైంది. ఇదీ అందులో ఒకటి.

వింత ఏమిటంటే, కూరగాయల బండివాడితో బేరమాడినా గల్లీ చివరిదాకా వినిపించే జములమ్మ గొంతు, ఈ మనిషితో పోట్లాడేటప్పుడు మాత్రం గుమ్మం దాటదు.

ఆ రోజు పసిదానికి ఇరవై ఒకటో రోజు. తొట్టెల ఫంక్షన్. తల్లి లేని పిల్ల కాబట్టి శ్రుతి పురుడు అత్తింట్లోనే జరిగింది. ఇన్నాళ్లూ పెరట్లో కట్టెల పొయ్యి మీద కాగిన నీళ్లతోనే బాలింత స్నానాలు. రెండు రోజుల వానకు కట్టెలన్నీ నానిపోయాయి. ఇవాళ తల్లీబిడ్డలకు గ్యాస్ గీజర్ నీళ్లే దిక్కు. శ్రుతి భర్త రాఘవేందర్ సామాన్లకు బజారుకు వెళ్లాడు. మధ్యాహ్నానికి చుట్టాలు దిగుతారు.

బక్కయ్య స్నానాలగది తలుపు తీసి తలెత్తి చూశాడు. వెంటిలేటర్‌లో పాత చీర కుక్కి ఉంది.

“ఇది ఎవరు పెట్టిన్రు?”

“నేనే పెట్టిన. బాలింతకు గాలి సోకితే వాతం చేస్తది. ముప్పై ఏండ్ల సంది పురుళ్లు చూస్తున్న, నువ్వు చెప్తవా నాకు?”

అతను స్టూలెక్కి చీరను లాగి విసిరికొట్టాడు. అది జములమ్మ కాళ్ల దగ్గర పడింది.

“నీ చేతులిరగ!” అంది ఆమె పళ్ల బిగువున.

అతను విననట్టే గ్యాస్ కట్టేసి, గీజర్‌కు వచ్చే నీళ్ల పైపు విప్పాడు. జాలీ తీసి తట్టాడు. బోరు నీళ్ల ఉప్పు పెచ్చులు పెచ్చులుగా రాలింది. నిమ్మ ఉప్పు కలిపిన నీళ్లు రాగి గొట్టాల్లోకి పోసి, కాసేపు ఉంచి వదిలాడు. తెల్లగా, సున్నం కలిపినట్టు వచ్చాయి. అన్నీ బిగించి, గ్యాస్ తెరిచి నల్లా తిప్పాడు. లోపల టప్పున మంట అంటుకుంది. ఎర్రగా ఉంది. మళ్లీ ఆర్పి, బర్నర్‌ను బ్రష్‌తో రుద్ది రుద్ది వెలిగించాడు. ఈసారి నీలంగా వచ్చింది. పని చేస్తున్నంతసేపూ పగవాడి ఇంట్లో వెట్టి చేస్తున్నట్టే ఉంది అతని వాలకం.

“మా ఇంటి మీద నీకెందుకు గంత ప్రేమ?” జములమ్మ ఎత్తిపొడిచింది.

“ప్రేమ గాదు. ఈ ఇల్లు నేలమట్టమైనా నాకు రంది లేదు.”

శ్రుతికి అరికాలి మంట నెత్తికెక్కింది. పసిగుడ్డున్న ఇంట్లో ఆ మాటలేమిటి! పాపను అత్త చేతుల్లో పెట్టి లేచింది. కింద పడ్డ చీర తీసుకుని స్టూలు ఎక్కబోయింది.

బక్కయ్య ఆ చీర లాక్కున్నాడు.

“ఇది మూస్తే లోపల గాలంత విషమైతది. వాసన రాదు, పొగ రాదు. నిద్ర వచ్చినట్టుంటది, గంతే. కూలవడ్తవు. పసిదానికైతే ఐదు నిమిషాలు చాలు.”

“బిడ్డను తొట్టెల ఏసేనాడు గవేం మాటలు?” శ్రుతి చీర కోసం చెయ్యి చాపింది. “సల్లగాలికి నా బిడ్డకు ఏమన్న అయితే నువ్వొచ్చి చూస్తవా? చీర ఇయ్యి.”

“ఇయ్య.”

“అత్తా, ఆయనకు ఫోన్ చెయ్యి. వినకపోతే పోలీసోళ్లను పిలుద్దాం.”

జములమ్మ ఫోను తియ్యలేదు. పాపను గుండెకు అదుముకుని గోడవైపు తిరిగింది.

“బక్కయ్యా, నీ కాళ్లు మొక్కుత. పో ఇగ,” అంది.

అత్త ఒకరి కాళ్లు మొక్కుతాననడం శ్రుతి ఎన్నడూ వినలేదు. ఆమెకు ఇంకా మండింది. ఎవడో రిపేరోడికి ఇంత లొంగడమా!

బక్కయ్య చీరను నిలువునా రెండుగా చింపాడు. నాలుగుగా చింపాడు. ఆ పేలికలు సంచిలో కుక్కుకున్నాడు.

“పనోనివి పనోని లెక్క ఉండు!” శ్రుతి అరిచింది. “నా బిడ్డకు నేను ఎట్ల తానం పోసుకోవాల్నో చెప్పెతందుకు అసలు నువ్వెవరు?”

“నీకన్న ముందు ఈ ఇంటి కోడలు నా బిడ్డనే తల్లీ,” అన్నాడు బక్కయ్య, “ఈ గది తలుపు పలగ్గొట్టి, ఊపిరి లేని దాన్ని బయటికి ఎత్తుకొచ్చింది నేనే.”