గట్టయ్య చాప

చాపలు దులపాలి. గుండ్రంగా పరవాలి. తూర్పు కిటికీ తెరవాలి. నిండిన బకెట్ తీసి ఖాళీది పెట్టాలి. వాతావరణం అట్ట మీద ఎండ బొమ్మ తగిలించాలి. సాకేత్ ముక్కు తుడవాలి. ఇవన్నీ తొమ్మిది లోపల కావాలి. తొమ్మిదికి సూర్యనారాయణ గారు వస్తారు.

ఆయన క్యాంపస్‌లో విద్యాశాఖ ప్రొఫెసర్. ఆ శాఖ నడిపే నర్సరీ బడిలో పిల్లలు పొద్దున్నే గుండ్రంగా కూర్చుని పాడుకోవడం, కబుర్లు చెప్పుకోవడం ఆయనకు నచ్చలేదు. తార్నాక తల్లిదండ్రులు కూడా, ఆ అరగంట దండగ, ఏబీసీడీలు దిద్దించొచ్చు కదా అన్నారు. ఈ రోజు చూసి, గుండ్రం ఉంచాలో తీసేయాలో తేలుస్తానని ఆయన కబురు పెట్టారు. తీసేస్తే, దాని కోసమే తీసుకున్న కొత్త టీచరు స్వర్ణ కూడా ఇంటిదారి పట్టాలి. ఇంటిల్లిపాదిలో డిగ్రీ చదివింది ఆమె ఒక్కతే. చేరి పట్టుమని పది రోజులు కాలేదు.

సూర్యనారాయణ గారు వచ్చి, పిల్లల కుర్చీలో మోకాళ్ళు గడ్డానికి తగిలేలా కూర్చున్నారు. పాట అయింది. ఎండ బొమ్మ అయింది. ఆయన రెండుసార్లు వాచీ చూసుకున్నారు.

"ఇవాళ ఎవరు రాలేదు పిల్లలూ?" స్వర్ణ అడిగింది.

"గట్టయ్య," అన్నారు అందరూ.

సుప్రజ లేచి ఖాళీ చాప మీద బిస్కెట్ పెట్టింది. పిల్లలంతా గేటు వైపు తిరిగి, "గట్టయ్యా, రా. నీ చోటు నీకే ఉంది," అన్నారు. ఇది స్వర్ణ నేర్పింది కాదు. ఆమె వచ్చేనాటికే ఉన్న ఆనవాయితీ.

"ఎవడమ్మా ఈ గట్టయ్య?"

"నేను చూడలేదు సార్. నేను చేరకముందు నుంచే రావట్లేదంట. ఆఫీసు వాళ్ళు పేరు కూడా ఎక్కించలేదు."

"ఒక్కసారొచ్చిండు సార్," అన్నాడు శివకుమార్. "నీళ్ళల్ల చేతులు పెట్టిండు. అంగంత తడుపుకున్నడు. పోయిండు."

"పెద్ద సంచి మోస్తాడు," అంది సుప్రజ. "నడిస్తే గలగలమంటుంది."

"అదిగో. పుస్తకాల సంచి, టిఫిన్ డబ్బా, పసివాడికి అంత బరువా?" ప్రొఫెసర్ గొంతు తగ్గింది. "ఎవరూ ఏమీ అనలేదు కదా?"

"పోచమ్మ తిట్టింది," అన్నాడు సాకేత్.

ఆయా పోచమ్మను పిలిచారు. ఖాళీ బకెట్‌తోనే వచ్చింది.

"గట్టయ్య తెలుసా?"

"తెల్వకేంది సారూ. రోజూ వాని తొవ్వే సూస్తున్న. రేపొస్త అంటడు, రాడు."

"తిట్టావట?"

"తిట్టకుంట ముద్దు వెట్టుకోవాల్నా? వాని మూలంగ నా రెక్కలు వోతున్నయ్."

"వాళ్ళమ్మతో మాట్లాడావా?"

"మాట్లాడిన. నా మాట ఇంటే గద అన్నది."

"మొండితనం కాదమ్మా, అది భయం. చెయ్యి పట్టుకుని తీసుకురావాలి."

"గదే నేనంటున్న సారూ. పట్టుకొస్తెనే అయితది."

స్వర్ణ తల వంచుకుంది. చిన్నప్పుడు నాట్లకు పోయి ఆమె బడి మానిన రోజుల్లో, ఆమె చోట్లో ఇంకెవరో కూర్చునేవారు. రాలేదేమని ఒక్కరూ అడగలేదు. ఆ మాట సార్‌కు చెప్పాలనుకుంది.

చెప్పాల్సిన అవసరం రాలేదు. సూర్యనారాయణ గారు కుర్చీలోంచి అతికష్టం మీద లేచి, గట్టయ్య చాప పక్కన కటిక నేల మీద చతికిలబడ్డారు.

"రాని వాడికి చోటుంచడం వచ్చిన పిల్లలు వీళ్ళు. ఏబీసీడీలు ఎక్కడికీ పోవు," అన్నారు. "గట్టయ్య వచ్చేదాకా గుండ్రం ఆగకూడదు. ఇది నా ఆర్డరు."

ఆ ఆదివారం స్వర్ణ చాక్లెట్లు కొనుక్కుని, పోచమ్మ చెప్పిన గుర్తులతో లాలాపేట వెళ్ళింది. గట్టయ్య ఇంటికి తాళం. పక్కింటి సారలమ్మ బియ్యం ఏరుతూ తలెత్తింది.

"వాడు ఇంట్ల ఎక్కడుంటడమ్మా? పొద్దుగాల పోతె మళ్ళ రాత్రికే. ఎవలు పిలిస్తె వాళ్ళెంట పోతడు."

"అట్లా ఎవరితో పడితే వాళ్ళతో పోతాడా?" అంది స్వర్ణ.

"అలవాటైంది. చాయ్ తాగిపిస్తె చాలు."

ఈ సంగతి విని సూర్యనారాయణ గారికి ఆ పూట అన్నం సయించలేదు. ఆయన తేలికైన గుడ్డసంచి ఒకటి కుట్టించారు. పిల్లవాడికి నీళ్ళాటంటే ఇష్టంలా ఉందని పెద్ద ప్లాస్టిక్ టబ్బు తెప్పించారు. రోజూ తొమ్మిదికల్లా వచ్చి చాప పక్కన కూర్చుంటున్నారు. గేటు వైపు తిరిగి పిలిచేటప్పుడు అందరికంటే ఆయన గొంతే పెద్దగా వినిపిస్తుంది. తార్నాక తల్లిదండ్రులు కూడా ఇప్పుడు ఏబీసీడీల ఊసెత్తకుండా, "గట్టయ్య వచ్చాడా?" అని అడిగి పోతున్నారు.

వేసవి సెలవులు దగ్గరపడ్డాయి. గట్టయ్య రాలేదు. టబ్బు ఊరికే ఎందుకని పోచమ్మ కారే కొళాయి కింద పెట్టి వాడుకుంటోంది, గంటగంటకూ బకెట్ మార్చే బాధ తప్పింది.

లాలాపేట వైపు వెళ్తే మీరూ గట్టయ్యను కాస్త గుర్తుపెట్టుకోండి, క్యాంపస్ మొత్తానికి ప్లంబర్ అతనొక్కడే.